మహనీయుల చేవ్రాళ్లు – సత్యాసత్య నిర్ణయము

మహనీయుని చేతి కలము సోకిన కాగితమునకు గల గౌరవము తక్కిన కాగితములకు లేదు. అందున్నవి రెండక్షరములే కావచ్చును. ఆ పేరు అచ్చు పుస్తకములలో వేయి చోట్ల దొరకవచ్చును. అయినను ఆ వ్రేళ్ల నడుమ నా కలము కదలెనను ఒక్క విశేషముచేతనే ఆ కాగితము పూజనీయమగుచున్నది. 1921 వ సంవత్సరమున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడును, 1929 లో ఖద్దరు నిధి కొఱకును, 1933 డిసెంబరులో హరిజనోద్యమము కొఱకును మహాత్మాగాంధిగారు మన యాంధ్ర జిల్లాలకు విచ్చేసిరి. హరిజన నిధికి అయిదు రూపాయలు చెల్లించినగాని వారు చేవ్రాలు చేసెడివారు కారు. అట్లు సంపాదింపబడిన చిన్న పుస్తకములు, ఉత్తరములు, చీటీలు దేశమున ననేక గృహములలో పెట్టెల యడుగున నున్నవి.

అట్టి కాగితములను స్వయముగ నందుకొనిన తరము దాదాపుగ గతించినది. తాతగారి పెట్టెలో దొరకిన వ్రాలు ఎవరిదో, ఏ సందర్భమున వచ్చినదో చెప్పువారు లేక మనుమలు కొందఱు దానిని చిత్తుకాగితములతో కలిపి యమ్మివేయుదురు. మఱికొందఱు పటము కట్టించిన యచ్చుబొమ్మను స్వహస్తలిఖితమని భ్రమించి పెద్ద మొత్తములు చెల్లింతురు. మొదటిది సత్యమును పోగొట్టుకొనుట. రెండవది యసత్యమును కొనుట. రెండును నష్టములే. అందుచేత చేవ్రాలి సత్యాసత్యములను నిర్ణయించు తెఱగు సామాన్య గృహస్థునకు సయితము కొంతవఱకు తెలిసియుండుట యావశ్యకమని మా యభిప్రాయము.

ప్రసిద్ధుల పేరుతో నుండు వ్రాళ్లు నాలుగు తెఱగులు. మొదటిది వారి స్వహస్తమున చేసినది. రెండవది వారి యనుమతితో కార్యదర్శియో, బంధువో, నౌకరో చేసినది. మూడవది అచ్చు వలనగాని, రబ్బరు ముద్ర వలనగాని, యంత్రము వలనగాని పడినది. నాలుగవది మోసగాడు చేసిన కూటలేఖ. ఇందు రెండవదానిని నేరముగ నెన్నరాదు. దినమునకు వందల కొలది ఉత్తరములు వచ్చువారు ప్రతిదానికిని స్వయముగ బదులు వ్రాయజాలరు. కార్యదర్శి వ్రాలును కార్యదర్శి వ్రాలని చెప్పి యిచ్చినచో దోషము లేదు. దానిని మహనీయుని స్వహస్తమని చెప్పి యమ్ముటయే దోషము.

ఈ యాచారము రాజ్యాంగ కార్యములలో సయితము కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రభుత్వ భూములను ప్రజలకిచ్చు పట్టాలపై దేశాధ్యక్షుడు స్వయముగ చేవ్రాలు చేయుట మొదట నియమము. పట్టాలు మితిమీఱి పెరిగినందున 1833 మార్చి 2 వ తేది శాసనముచే అధ్యక్షుని పేరు వ్రాయుటకు వేఱుగ కార్యదర్శిని నియమించుట కధికారము కలిగెను. నాటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సను. కావున నా తరువాతి కాలపు పట్టాపై లింకను పేరున్నను అది లింకను చేయి కాదు. పట్టా సత్యము, భూమి సత్యము, అధికారము సత్యము. చేయి మాత్రము వేఱు. సినిమా తార జీన్ హార్లో పేరుతో అభిమానులకు పోయిన ఛాయాచిత్రములలో ననేకములపై వ్రాలు చేసినది ఆమె తల్లి. 1960 ప్రాంతముల ప్రపంచ ప్రసిద్ధులైన బీటిల్సు గాయకుల పేర్లను వారి వెంట తిరుగు పరిచారకులు నీల్ ఆస్పినాల్, మాల్ ఇవాన్సు అనువారు తఱచుగ వ్రాసి యిచ్చుచుండిరి.

అట్లయిన మహనీయుని చేతిని గుర్తించుటెట్లు? అక్షరముల రూపమును పోల్చి చూచిన చాలునని పలువురు తలంతురు. ఇది పొరపాటు. గాంధిగారి విషయమునే చూతము. 1909 నవంబరులో ఇంగ్లండు నుండి దక్షిణాఫ్రికాకు పోవుచు ‘కిల్డోనన్ క్యాసిల్’ అను ఓడలో వారు ‘హింద్ స్వరాజ్’ గ్రంథమును రచించిరి. కుడిచేయి యలసినపుడు ఎడమచేత వ్రాసిరి. ఆ వ్రాతప్రతిలో రెండు చేతుల దస్తూరియు కాననగుచున్నది. ఇంగ్లీషులో ‘ఎం. కె. గాంధి’ యనియు, గుజరాతీలో ‘మోహన్‌దాస్’ అనియు, ఆత్మీయులకు ‘బాపు’ అనియు వ్రాలు చేయుట వారికి వాడుక. 1917 మొదలు 1942 ఆగష్టు 15 న ఆగాఖాను భవనములో మరణించువఱకు మహదేవ దేశాయిగారు వారి కార్యదర్శిగా నుండిరి. ఉత్తరములోని విషయము దేశాయి చేతను, క్రింది వ్రాలు మహాత్ముని చేతను నుండవచ్చును. రూపమునొక్కదానినే నమ్మువాడు ఎడమచేతి వ్రాతను కూటమని త్రోసివేయును. విషయము పరహస్తమున నున్నదని సత్యమైన యుత్తరమును నిరాకరించును.

రూపము కంటె ముఖ్యమైనది గీత యొక్క నడక. తన పేరును జీవితములో లక్షసారులు వ్రాసినవానికి చేయి తనంత తాను నడచును. కలము కాగితమును తాకకముందే కదలికలో నుండును. కావున గీత యొక్క మొదలును తుదయు సూదిమొన వలె సన్నగిల్లును. దిగుగీతలో పాళీ యదిమి లావగును. ఎగుగీతలో తేలి సన్నమగును. కూటకర్త వ్రాయువాడు కాడు, బొమ్మ గీయువాడు. అతని చూపు మాదిరిపైని, చేయి కాగితముపైని నుండును. అందుచే గీత నిదానించును, సన్నగ వణకును, నడుమ నాగును. ఆగినచోట సిరా చుక్కగ నూరును. మొదలును తుదయు మొద్దుగ నుండును. చాలలేదని తోచినచోట మఱల దిద్దినట్లు కనబడును. క్రింద మాదిరి నుంచి గీచిన వ్రాతలో పెన్సిలు జాడగాని, నొక్కిన గాడిగాని మిగులును. వీనిని చూచుటకు మంచి భూతద్దమును, ఏటవాలుగ పడు వెలుతురును చాలును.

కార్యదర్శి వ్రాలు ఈ పరీక్షకు దొరకదు. ఏలయన నాతడు భయపడువాడు కాడు. యజమాని పేరును దినమునకు నూఱుసారులు ధారాళముగ వ్రాయువాడు. గీతలో వణకు లేదు, నిలుపు లేదు. కాని ప్రతివానికిని తనదైన యలవాటులు కొన్ని యుండును: అక్షరముల వాలు, పెద్ద యక్షరమునకును చిన్నదానికిని గల నిష్పత్తి, ఒక యక్షరము నుండి మఱియొక దానికి పోవు లంకె, వరుస పైకెక్కుటయో క్రిందికి దిగుటయో. పేరు యజమానిదైనను ఈ యలవాటులు కార్యదర్శివే. అట్టి వ్రాళ్లు పది యొకచోట చేర్చి చూచినచో నవి తమలో తాము కలియును. యజమాని వ్రాళ్లతో కలియవు. కావున కూటలేఖను పట్టియిచ్చునది వణకు. కార్యదర్శిని పట్టియిచ్చునది యలవాటు.

ఇచ్చట నొక హెచ్చరిక. వణకు గల ప్రతి వ్రాలును కూటము కాదు. వార్ధకమున, వ్యాధిలో, కదలు బండిలో, జనసమూహము నడుమ నిలువబడి చేసిన వ్రాలు వంకరపోవును. కాని రోగి చేయి వణకినను ముందునకే పోవును. మాదిరిని చూచుటకై నిలువదు. పోల్చి చూచుటకు ఆ మనుష్యుని యా వయస్సు నాటి, అట్టి సందర్భము నాటి వ్రాళ్లే కావలయును. యౌవనము నాటి వ్రాలితో వార్ధకము నాటి దానిని పోల్చి తీర్పు చెప్పుట యన్యాయము.

రెండు వ్రాళ్లు ఒకదానినొకటి పోలకుండుట యనుమానమునకు కారణమని లోకులనుకొందురు. అచ్చుగ్రుద్దినట్లు కలియుటయే గొప్ప యనుమానమునకు కారణము. అమెరికాలో సిల్వియా ఆన్ హౌలండు అను ధనికురాలు 1865 లో మరణింపగా ఆమె సోదరి కుమార్తె ఆస్తి కొఱకు వ్యాజ్యము తెచ్చెను. మరణశాసనములోని వ్రాలును క్రింద పెట్టి మఱియొక పత్రముపై వ్రాలు గీచిరని ప్రతివాదుల వాదము. గణితాచార్యుడు బెంజమిన్ పీర్సు హౌలండు సత్యమైన వ్రాళ్లు 42 సేకరింపజేసి, వానిని జంటలుగ 861 విధముల పోల్పించెను. ఒక్కొక్క వ్రాలిలో దిగుగీతలు 30. సగటున నయిదింట నొక గీత మాత్రమే కలిసెను. వివాదమందున్న జంటలో ముప్పదికి ముప్పదియు కలిసెను! అయిదింట నొకటి యను సంభావ్యతను ముప్పదిసారులు గుణించిన మిగులు సంఖ్య ఊహకందనంత స్వల్పము. 1868 లో న్యాయస్థానము మఱియొక న్యాయసూక్ష్మముపై తీర్పు చెప్పెను. ఆ గీతలన్నియు నొకదానితో నొకటి సంబంధము లేనివని తలచుట సరికాదని తరువాతివారు పీర్సు లెక్కను విమర్శించిరి. అయినను మనుష్యుడు ఒకే వ్రాలును రెండుసారులు చేయలేడను మూలసూత్రము చెక్కుచెదరలేదు.

ఈ సూత్రమే యంత్రమును పట్టియిచ్చుచున్నది. ఆటోపెన్ అను యంత్రము నిజమైన కలమును పట్టి నిజమైన సిరాతో వ్రాయును. కాని ఎన్నిసారులు వ్రాసినను మాదిరి యొకటియే. అమెరికా అధ్యక్షుడు కెనెడీ కాలమున దీని వాడుక బహుళముగ నుండెను. 2011 మే నెలలో అధ్యక్షుడు ఒబామా ఫ్రాన్సులో నుండగా శాసనమొకదానిపై నీ యంత్రమే ఆయన యాజ్ఞచే వ్రాలు చేసెను. గాయకుడు బాబ్ డిలన్ గ్రంథమును 2022 లో స్వహస్తముతో సంతకము చేసినదని ప్రకటించి ప్రతి యొకటి 599 డాలర్లకు విక్రయించిరి. కొన్నవారు తమ ప్రతులలోని వ్రాళ్లను ఇంటర్నెట్టులో ప్రక్కప్రక్కన పెట్టి చూడగా అవి యొకదానితో నొకటి కలిసెను. ప్రకాశకులు సొమ్ము తిరిగి యిచ్చిరి. డిలన్ క్షమాపణము చెప్పెను. ఆ పాఠకులు నిపుణులు కారు. పోల్చి చూచుటయే వారి నైపుణ్యము.

అచ్చు ప్రతిబింబముల విషయము మనకింకను దగ్గఱిది. విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు 1919 లో మదనపల్లెలో నున్నపుడు ‘జనగణమన’ గీతమును ఇంగ్లీషులోనికి అనువదించి స్వహస్తమున వ్రాసి, ఫిబ్రవరి 28 వ తేది వేసి వ్రాలు చేసిరి. ఆ పత్రము యొక్క ప్రతిబింబములు బహుళముగ ముద్రింపబడినవి. 1927 లో వెలువడిన వారి ‘లేఖన్’ గ్రంథము దస్తూరినే జర్మనీలో నచ్చొత్తించినది. ఇట్టి పుస్తకమునుండి విడిపోయిన యొక పుట చూపఱకు స్వహస్తలిఖితమే యని తోచును. భూతద్దముతో చూచిన సత్యము బయలుపడును. అచ్చు గీత చదునుగ నొకే రంగున నుండును, లేదా చిన్న చుక్కలుగ విడిపోవును. కలపు గీతలో సిరా యొకచోట చిక్కగను ఒకచోట పలుచగను నుండును. పాళీ యొత్తిడి కాగితములో దిగి, వెనుక ప్రక్క చేతికి తెలియును.

ఇక కాగితము, భాష. ఫ్రాన్సులో డెనిస్ వ్రెయిన్ లూకా అనువాడు మిషేల్ షాల్ అను గొప్ప గణితవేత్తకు సుమారు 27,000 కూటలేఖల నమ్మెను. అందు క్లియోపాత్రా వ్రాసిన యుత్తరమును కలదు. అదియు ఫ్రెంచి భాషలో, ఫ్రెంచి కాగితముపై! 1870 లో లూకాకు రెండు సంవత్సరముల చెఱశిక్ష పడినది. ఆశ యెంతటి పండితుని కన్నులనైనను కప్పునని దీనివలన తెలియుచున్నది. 1983 లో జర్మనీలో బయలుదేరిన హిట్లరు దినచర్య గ్రంథములు ఇంకొక పాఠము నేర్పుచున్నవి. దస్తూరి నిపుణులు వానిని సత్యములనిరి. ఏలయన పోల్చుటకు వారికిచ్చిన మాదిరులలో కొన్ని యా కూటకర్త కొన్రాడ్ కుయావు వ్రాసినవే! చివరకు కాగితములో హిట్లరు మరణానంతర కాలపు తెల్లదన ద్రవ్యమున్నదని రసాయన పరీక్షలో తేలెను. మాదిరి సత్యమా కాదా యని మొదట విచారింపని పరీక్ష పరీక్షయే కాదు.

ఈ విచారము కేవలము సేకరణకారుల వినోదమని పాఠకులు తలపరాదు. 1887 ఏప్రిల్ 18 న లండనులోని ‘టైమ్సు’ పత్రిక ఐర్లండు నాయకుడు పార్నెల్ పేరున నొక యుత్తరమును ప్రతిబింబముతో ప్రకటించెను. 1882 లో డబ్లిను నగరమున జరిగిన హత్యల నాయన సమర్థించినట్లు దానియందుండెను. ఆ జాతి స్వాతంత్ర్య వాదమునకే కళంకము తేవలెనను యత్నమది. విచారణ సంఘము ముందు 1889 ఫిబ్రవరిలో రిచర్డ్ పిగట్ అనువానిచేత న్యాయవాది సర్ చార్లెస్ రస్సెల్ కొన్ని మాటలు వ్రాయించెను. ‘హెసిటెన్సీ’ అను మాటలో ‘ఏ’ యక్షరమునకు మాఱుగ ‘ఈ’ యక్షరమును వాడు వ్రాసెను. కూటలేఖలలో నొకదానియందును అదే తప్పు కలదు. పిగట్ పాఱిపోయి మాడ్రిడ్ నగరమున నాత్మహత్య చేసికొనెను. ఒక జాతి నాయకుని పేరు కాపాడినది ఒక్క యక్షరము.

కూటమను నారోపణము సయితము కత్తి వంటిదే. 1775 ఆగష్టు 5 న కలకత్తాలో మహారాజా నందకుమారుడు ఉరితీయబడినది ఒక పత్రమును కూటముగ సృష్టించెనను నారోపణముపైననే. హేస్టింగ్సుపై నేరములు మోపిన కొలది కాలమునకే అది జరిగెను. కావున అసత్యమును సత్యమనుటలో నెంత పాపమున్నదో, చాలిన విచారణ లేక సత్యమును కూటమనుటలోను నంత పాపమున్నది.

మన పాఠకులలో భూస్వాములు పలువురు. పొలము కొనునపుడు వారు దస్తావేజుపై వ్రాలి యందమును చూచి సొమ్ము చెల్లింతురా? అమ్మువానికి హక్కెట్లు వచ్చినది, అతని తండ్రికెవరు వ్రాసియిచ్చిరి, వెనుకటి దస్తావేజులెక్కడ అని యడుగుదురు. లంకె యొకటి తెగినచో వెనుదీయుదురు. చేవ్రాలి విషయమునను అడుగవలసినది యిదియే. ఇది ఎవరికి వచ్చినది? ఏ సందర్భమున? వారి నుండి నేటివఱకు ఎవరెవరి యొద్ద నుండినది? 2012 లో భారత ప్రభుత్వము గాంధిగారి మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాఖ్ కాగితములను సుమారు 7 లక్షల పౌండ్లిచ్చి కొనెను. అవి మిత్రుని నుండి బంధువుల చేతికి వచ్చిన కాగితములు. అట్టి పూర్వోత్తరములే చేవ్రాలికి దస్తావేజు.

న్యాయశాస్త్రము సయితము ఈ త్రోవనే నడచుచున్నది. 1872 సాక్ష్య శాసనము దస్తూరి నిపుణుని యభిప్రాయముతోపాటు ఆ దస్తూరితో పరిచయము గలవాని యభిప్రాయమును అంగీకరించెను: అనగా ఆ మనుష్యుడు వ్రాయుచుండగా చూచినవాడు, తన యుత్తరములకు ఆతని బదులుల నందుకొనినవాడు, వ్యవహారములో ఆతని కాగితములను తఱచుగ చూచినవాడు. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన నూతన సాక్ష్య శాసనమును ఈ నియమమును నిలిపినది. అట్టి పరిచయము గల వృద్ధులు ఒక్కొక్కరుగ రాలిపోవుచున్నారు. వారి మాటను నేడు వ్రాసి యుంచనిచో రేపు సత్యమైన చేవ్రాలునకు సయితము సాక్షి యుండడు.

యథార్థ పత్రమని వర్తకుడిచ్చు యోగ్యతాపత్రము ఈ సాక్ష్యమునకు మాఱు కాజాలదు. అమెరికాలో 1999 లో రహస్య పోలీసులు పట్టిన కూటలేఖల ముఠా యొద్ద అట్టి యోగ్యతాపత్రములు కుప్పలుగ నుండెను. వారి సరకులో మదర్ తెరెసా చేవ్రాలు గల బేస్‌బాల్ బంతి యొకటి! ఆ తల్లికిని ఆ యాటకును సంబంధమేమని యడిగినవాడు మోసపోడు.

కావున మా మనవి యిది. మీ యింట మహనీయుల వ్రాతలున్నచో ఉత్తరముతోపాటు కవరును, తపాలా ముద్రను భద్రపఱుపుడు. పుస్తకమునుండి పుటను కోయకుడు. గట్టి ప్లాస్టికు పొరలో నతికింపకుడు. అందుచే కాగితము పాడగుటయే గాక పరీక్షకు వీలు పోవును. వ్రాలుపై మఱల దిద్దకుడు. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ లభించినదో పెద్దలనడిగి వేఱొక కాగితముపై తేదీతో వ్రాసి, వారిచేత చేవ్రాలు చేయించి జతపఱుపుడు. చారిత్రక విలువ గల 75 సంవత్సరముల నాటి వ్రాతలను సొంతముగ విదేశములకు పంపుట 1972 చట్టముచే నిషిద్ధము. గాంధిగారు 1948 జనవరిలో నిర్యాణము చెందుటచే వారి వ్రాతలన్నియు ఆ వయస్సును దాటినవి.

మహనీయుల పేర్లు దేశమునకు పిత్రార్జితమైన యాస్తి. వానికి కూట వారసులు పుట్టకుండ కాపాడుట యొక్క నిపుణుల పని కాదు. పెట్టె తాళపుచెవి యెవరి చేతనున్నదో వారి పని.